చురుకైన పిల్లల బస్సు

పరీక్ష పెట్టి ఏరిన పిల్లల్ని ఊరి అవతలి బడికి తిప్పే బస్సు, సాయంత్రం ఆఖరి స్టాపులో ఆగింది. తల్లి ఎక్కి చూస్తే, కూతురు మూడో సీట్లో సంచిని వాటేసుకుని నిద్రపోతోంది. డ్రైవరు ఇంజను ఆపాడు.

“రోజూ ఇంతేనా అన్నా?”

“రానూ పోనూ మూడు గంటలమ్మా. చురుకైన పిల్లలంటారు గానీ, నేను చూసేవి వాళ్ళ కునికిపాట్లే. ఎవరెక్కడ దిగాలో సీటు వెనక చీటీ అంటించుకుని, నేనే లేపుతుంటాను.”

“ఇంటి పక్క బడికైతే ఐదు నిమిషాల నడక. వద్దంటే, ఎదిగే పిల్లకి అడ్డుపడిందన్న మాట నాకొస్తుందని పంపాను.”

“మా అమ్మాయి ఇంకా ఆ బడిలోనే ఉంది. మీ పాప పక్కనే కూర్చునేది.”

తల్లి తలెత్తింది.

“లెక్కలంటే భయపడే రెండు జడల పిల్ల, మీ అమ్మాయేనా?”

“అదే. టీచరు మాత్రం నలభై మందిలో ఎందరికని చెబుతుంది? మీ పాప చెబితే ఇట్టే అర్థమయ్యేది.”

“మరిప్పుడు?”

“కథ మళ్ళీ మొదటికొచ్చింది. నిన్న నన్నడిగింది. నాన్నా, ఆ బస్సు తోలేది నువ్వే కదా, ఒక్క రోజు చెడిపోయిందని చెప్పకూడదా, ఆ రోజుకి తను మా బడికొస్తుంది అని.”

“మీరేమన్నారు?”

డ్రైవరు వంగి, ఊడిపోతున్న చీటీని బొటనవేలితో గట్టిగా అదిమాడు.

“బస్సు బాగానే ఉందమ్మా అన్నాను.”