‘మన బండి’ అన్నందుకు

నా వయసు నలభై మూడు. పాత సోఫాలు, కుర్చీలు విప్పి కొత్త గుడ్డ వేసి కుట్టడం నా వృత్తి. బజారులో నన్నందరూ ‘తొందర’ అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఒక్కోసారి నేనే పలకను. మొన్న సాయంత్రం రోడ్డు మీద కారు ఆపిన ఆఫీసరు గారికి నేను చెప్పింది అబద్ధం. అది సరిచేయడానికి, ఎవరూ పిలవకుండానే, ఈ రోజు ఉదయం స్టేషనుకు వచ్చాను.

ఆ తెల్ల కారు ఇంతకు ముందు మా బావది, అంటే మా అక్క భర్తది. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. పోయిన నెల మొదటి ఆదివారం ఆ కారు నేను కొన్నాను. డబ్బు పూర్తిగా ఇచ్చాను. అమ్మకం కాగితం మీద ఇద్దరం సంతకాలు చేశాం. తాళం నా చేతిలో పెడుతూ మా బావ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

“ఒరేయ్, ట్యాక్సు బండితో పాటు రాదు. నేను కట్టింది నా పేరున కట్టింది, అమ్మిన రోజుతో సరి. మిగిలిన నెలలది ఆఫీసువాళ్ళు నాకు వెనక్కిచ్చేస్తారు. నువ్వు నీ పేరున కట్టాకే బండి రోడ్డెక్కించు.”

అద్దం మీదున్న తన ట్యాక్సు బిళ్ళ గీకెయ్యడానికి బ్లేడు కూడా తెచ్చాడు. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. “ఏడాది చివరిదాకా తేదీ ఉందిగా, ఉండనీ బావా. మన బండే కదా” అన్నాను. ఆయన నవ్వి, “నీ తొందర పాడుగాను, రేపే కట్టెయ్” అన్నాడు. కడతానన్నాను. కట్టలేదు.

డబ్బు లేక కాదు. ఒకే బండికి ఇద్దరం కట్టడమేమిటని అనుకున్నాను. ఆ డబ్బు పెట్టి ముందు సీట్లకు కొత్త గుడ్డ కొన్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ గుడ్డే కొన్నాను. మా బావ తన వంతుగా బండి అమ్మేశానని ఆఫీసుకు రాసిచ్చాడు. కొన్నానని నేను ఇవ్వాల్సిన కాగితం నా కొట్లో దారపుండల పెట్టెలోనే ఉండిపోయింది.

మొన్న సాయంత్రం ఐదున్నరకు వంతెన దిగేచోట ఆఫీసరు గారు బండి ఆపారు. వెనక సీట్లో మా అమ్మాయి ఉంది. బిళ్ళ చూసి పొమ్మంటారనుకున్నాను. ఆయన బిళ్ళ వైపు చూడనే లేదు. నంబరు చేతిలోని మిషన్లో కొట్టారు.

“ట్యాక్సు లేదే. ఎవరిదీ బండి?”

“మన బండేనండి.”

“మన అంటే ఎవరిది?”

“మా బావదండి. పనుండి అడిగి తెచ్చుకున్నా. ట్యాక్సు సంగతి ఆయనకే తెలియాలి.”

మిషన్లో ఇంకా మా బావ పేరే ఉంది కాబట్టి ఆఫీసరు గారు నమ్మారు. మా అమ్మాయికి పదమూడేళ్ళు. నెల రోజులుగా స్నేహితులందరికీ ‘మా కారు’ అని చెప్పుకుంటోంది. ఇంటికెళ్ళాక, “నాన్నా, కారు మామయ్యదా?” అని అడిగింది. “నీకెందుకు, పోయి చదువుకో” అని కసిరాను.

నిన్న నన్నూ మా బావనూ స్టేషనుకు పిలిపించారు. మా బావ బస్సు యూనిఫారంతోనే వచ్చాడు. బెంచీ మీదున్న నన్ను చూశాడు. బండి నీదేనా అని ఆఫీసరు గారు అడగ్గానే, నేనేం చెప్పి ఉంటానో ఆయనకు అర్థమైపోయింది. “మన బండేనండి” అన్నాడు.

“మరి అమ్మేశానని చెప్పి ట్యాక్సు డబ్బు వెనక్కి తీసుకున్నావు. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్తున్నదా? సరిగ్గా చెప్పు, నీదా, ఇతనిదా?”

మా బావ నా వైపు చూశాడు. బెంచీకి రెక్సిను చిరిగి స్పాంజి బయటికొచ్చి ఉంది. నేను దాన్ని వేలితో లోపలికి తోస్తున్నాను. తోస్తూనే ఉన్నాను. ఏ దారంతో కుడితే నిలుస్తుందా అని కూడా ఆలోచించాను. ఆయన ఆ మాట మీదే నిలబడ్డాడు, మోసం కేసు ఆయన మీద రాశారు. బయటికి వెళ్తూ నన్ను “తిన్నావా?” అని అడిగాడు.

మోసం కేసున్న మనిషికి పిల్లల బస్సు ఇవ్వరు. సాయంత్రం మా అక్క ఫోను చేసింది. “బస్సు తాళాలు ఇచ్చి వెళ్ళమన్నారటరా. ఇచ్చేసి వచ్చాడు. నీ మీదకేమీ రాలేదు కదా?” అంది. నా మీదకేమీ రాలేదు. ఆమె నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఈ ఉదయం మా అమ్మాయికి కారు నేనే కొన్నానని, అబద్ధమాడానని చెప్పాను. “మరి వాళ్ళకి చెప్పావా?” అంది. కారు ఇంటి ముందే వదిలి, దారపుండల పెట్టెలోంచి కాగితం తీసుకుని నడిచి వచ్చాను.

మా బావ బండి అమ్మింది నిజం. ఆయన వెనక్కి తీసుకున్నది ఆయనకు రావలసిన డబ్బే. నిన్న నా మొహం చూసి ఆయన అన్న ఒక్క మాట తప్ప ఆయన ఎక్కడా తప్పు చెప్పలేదు. ట్యాక్సు లేకుండా నా బండి నడిపాను. కొన్న రోజు నుంచి ట్యాక్సు, దాని మీద జరిమానా, అబద్ధం చెప్పినందుకు కేసు, అన్నీ నా మీదే పెట్టండి. బస్సు వాళ్ళకు ఆయన తప్పేమీ లేదని ఒక ముక్క రాసివ్వమని వేడుకుంటున్నాను.

నేను చెప్తుంటే స్టేషన్లో రాసుకున్నాయన ఇదంతా నాకు చదివి వినిపించారు. ఒకచోట ‘ట్యాక్సు లేకుండా మన బండి నడిపాను’ అని ఉంది. ఆయన పొరపాటు కాదు, నేనే అలా చెప్పాను, నోటి అలవాటు. దాన్ని కొట్టేయించి ‘నా బండి’ అని రాయించి, పక్కన సంతకం చేశాను. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. ఇందులో ఉన్నది నిజం. అడుగున ‘సాక్షి’ అని ఉన్నచోట కూడా కొట్టేయించాను.

(సంతకం)
కారు యజమాని