కొస విరవని గోరింట

మా ఊళ్ళో వీరవేణి వాళ్ళత్త సూరమ్మకి రెండు కళ్ళూ పోయాయంట. కళ్ళు పోతే పోయాయి, ముక్కు మాత్రం మా గొప్ప ముక్కు అనుకో. అరుగు మీద కూర్చునే ఎవరింట్లో ఏం కూరో చెప్పేసేది. ఆవిడకి ఒకటే బెంగ. "మా పుట్టింట్లో గోరింట పూత్తే వీధి మొగదాకా వాసనేనే కోడలా. ఈ ఇంటికొచ్చి ముసలిదాన్నయిపోయాను, మన చెట్టు ఒక్కసారీ పూయలేదు. గొడ్డుచెట్టు, పీకెయ్" అనేదంట. పీకెయ్ అంటదా, మళ్ళీ కాసేపటికి "చెట్టుకి నీళ్ళు పోశావా?" అని అడుగుద్ది. అదీ మనిషి.

వీరవేణి చెట్టు చుట్టూ తిరిగి చూసిందంట. చూత్తే ఏముందీ, తప్పు చెట్టుది కాదు. పువ్వు వచ్చేది లేతకొసకి. ఆషాఢం వత్తే చాలు, ఊళ్ళో ఆడాళ్ళంతా వచ్చి కొసలు కొసలే విరుచుకుపోతన్నారు. పోనీ వద్దందామా అంటే, గోరింటాకడిగిన ముత్తైదువని ఒట్టిచేతుల్తో పంపుతామా? మీరు పంపుతారా? పంపరు. అందుకని ఎదురింటి మంగాయమ్మతో మెల్లగా అందంట, కొసలు విరవకుండా కింది ఆకు కోసుకో పిన్నీ అని. ఆవిడ ఊరుకుంటదా! "గోరింటాకు కొయ్యడం కూడా నువ్వే నేర్పాలా ఏంటే? నీ పెళ్ళికి పెట్టిన చెయ్యే ఇది" అని ఇంత కొమ్మ ఫెళ్ళున విరుచుకుపోయింది.

అప్పుడేం చేసిందనుకున్నారు? పొలం నుంచి రాగానే, ముళ్ళు గీసుకుంటన్నా సరే, కొస విరక్కుండా ఆకూ ఆకూ తనే కోసి, రుబ్బి, ముద్దలు అరిటాకులో పెట్టి ఇంటింటికీ ఇచ్చొచ్చేదంట. అడక్కముందే ఇచ్చేసేది! రుబ్బిన ముద్ద గుమ్మంలోకొత్తంటే ఇంక దొడ్లోకెవరొత్తారు? "ఏమే, ఎరుపు మోచేతికెక్కింది, మళ్ళీ పెళ్ళికూతురివవుతున్నావా?" అని మంగాయమ్మ నవ్వేదంట. నవ్వుతూనే రెండో ముద్ద పుచ్చుకునేది. ఆషాఢమంతా రుబ్బడమే, రుబ్బడమే. నడుం పడిపోయినా పొత్రం వదల్లేదంట. అదీ కోడలంటే!

వానలు ముదిరాక ఏమైందంటే, ఒక పొద్దున్న సూరమ్మ అరుగు మీంచి కేకేసింది.

"కోడలా, ఎవరింట్లోనే పూసిందీ?"

"మనింట్లోనే అత్తా."

"ఊరుకో, గుడ్డిదాన్నని ఆట పట్టించకు."

వీరవేణి అత్త చెయ్యి పట్టుకుని చెట్టు కాడికి తీసుకుపోయిందంట. ముసలావిడ పూతలో మొహం పెట్టేసి ఎంతకీ తియ్యదే! ముళ్ళున్నాయి అత్తా అంటే, "ఉండనీవే" అందంట.

ఆ వాసనకి ఊరంతా వచ్చి తలో కొమ్మా అడిగి పట్టుకెళ్ళి నాటుకున్నారు. ఇప్పుడు మా ఊళ్ళో ఏ దొడ్డి చూడు, గోరింట పూతే. వచ్చిన చిక్కల్లా, ఆషాఢంలో ఆకు ముట్టనిచ్చే ఇల్లే లేదు. పొరుగూరు పోయి అడుక్కొచ్చుకుంటన్నాం. మంగాయమ్మయితే దొడ్డికి తాళమే ఏసింది.