వీరమ్మ పెట్టిన గంజి

ఏదీ, ఆ ఫోను ఇటివ్వు హర్షితా. ఇదేనా నీ కొబ్బరి పీచు గ్రాఫులో కొత్తగా లేచిన పీక్? ఇంకెవరికీ రాలేదా? బాగుంది. కూర్చో, కాఫీ వస్తోంది. మీకిప్పుడు మిషనే గీత గీసి ఇస్తుంది. నువ్వు చేస్తున్న ఆ ల్యాబ్‌లోనే మేము నైలాను పోగులు కట్టగా కట్టి, ఎక్స్‌రేకి ఎదురుగా పెట్టి, వెనకాల ఫిల్మ్ బిగించి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కాపలా కాసేవాళ్ళం. పోగులో అణువులు ఒకే వైపుకి సర్దుకుని ఉంటే ఫిల్మ్ మీద చుక్కలు, చెల్లాచెదురుగా ఉంటే రింగు. అంతా ఆ కట్ట కట్టడంలోనే ఉంది. నాకది చచ్చినా వచ్చేది కాదు. వీరమ్మ కట్టేది. ల్యాబ్‌లో రోజుకూలీ మనిషి, ఉప్పాడలో నేతపని చేసేవాళ్ళ ఇంటి పిల్ల. వంద పోగులు పరిస్తే ఒకటి ఇంకోదాని మీదికి ఎక్కేది కాదనుకో. మా హెడ్డు జోగేశ్వరరావుగారు ఎవర్నీ మెచ్చుకునే రకం కాదు, ఆయనే "వీరమ్మా, నీ చేతులు నాకిచ్చెయ్" అనేవారు. "ఇచ్చేస్తే అన్నం ఎలా తిననండీ" అనేది.

నా పిహెచ్‌డీ చేపలు పట్టే నైలాను వలలు ఎండకి ఎలా పాడవుతాయన్న దాని మీద. కొత్త దారానికి చుక్కలే. పాతదానికి చుక్కలతోపాటు ఓ పల్చటి రింగు. ఏడు ఫిల్ములు, ఏడింట్లోనూ. ఎండకి నైలాన్లో కొత్త నిర్మాణం పుడుతోందని రాసేశాను. హెడ్డుగారు స్వీట్లు కూడా పంచారు. సోమవారం థీసిస్ ఇవ్వాలి, శుక్రవారం వీరమ్మకి ఫిల్ములు చూపించి, "చూశావా, ఇది పాతవాటికే వస్తుంది" అన్నాను. చేతులు చీరకి తుడుచుకుని, "అమ్మగారండీ, పాతవి చిట్లిపోయి ఎగురుతున్నాయని వాటికి గంజి పెట్టానండి, మా ఇంట్లో నేతకి ముందు పడుగు దారాలకి పెట్టినట్టు" అంది. ఉత్త గంజి ఆరబెట్టి, ఎక్స్‌రేకి పెట్టి చూశాం. అదే రింగు.

నోరు విప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. పర్మినెంటు చెయ్యమని ఆవిడ పెట్టుకున్న అర్జీ అప్పుడు హెడ్డుగారి బల్ల మీదే ఉంది. అది తెలిసే చెప్పింది. సంగతి విని హెడ్డుగారు కళ్ళద్దాలు తుడుచుకుని, "మళ్ళీ కట్టు" అన్నారు, అంతే. గంజి లేకుండా, తడివేలితో ఒక్కో పోగూ సర్ది ఏడూ కట్టింది. రింగు లేదు. థీసిస్ ఆర్నెల్లు ఆలస్యం. చివరికి తేలింది చిన్న సంగతే, కానీ నలభై ఏళ్ళలో దాన్ని తప్పని ఎవడూ అనలేదు. అర్జీ మీద ఆ వారమే సంతకం పడింది. "తప్పు చేసినందుకు ఉద్యోగమా సార్?" అని గుమస్తా నసిగితే, "చేసింది చెప్పగలిగే మనిషి ఈ డిపార్ట్‌మెంటు మొత్తానికి ఒక్కత్తే ఉంది" అన్నారట. థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీలో హెడ్డుగారి పేరు కన్నా పైన ఆవిడ పేరు వేశాను. ఆయన చదివి, సంతకం పెట్టి ఇచ్చారు.

వీరమ్మ పోయి పదహారేళ్ళయింది.

కాఫీ తాగు, చల్లారిపోతోంది. ఇంతకీ నీ కొబ్బరి పీచు కట్ట ఎవరు కట్టారు? నువ్వేనా? ఊఁ. దేంతో అంటించావు?