పీర్లు దిగే తోవ

గోదావరిఖని దగ్గర నది ఒడ్డున సున్నంతో హద్దులు గీస్తున్న యువ సర్వేయరును ఒక ముసలామె ఆపింది.

"ఒడ్డును ఎవలకు పంచుతున్నవ్ బిడ్డా?"

"ఇటు కంపెనీ పంపుహౌసుకు, అటు పడవల కాంట్రాక్టరుకు, అవ్వా."

"మరి పండుగకు మా పీర్లు నీళ్లల్లకు ఎటుకెల్లి దిగాలె?"

"వేరే ఘాటుకు కొంటబోరాదు?"

"మొగిలి మనుమనివై గట్లంటవా? మీ తాత, మా ఆయన గీ తోవలనే పీర్లెత్తుకొని దిగేటోళ్లు. అల్విదా, పోయి రాండ్రి అనుకుంట ఒడ్డంత ఏడ్చేది."

"నువ్వు గూడ ఏడ్చేదానివా?"

"నాకేం ఫికర్? మళ్లేడు వస్తయని నవ్వేదాన్ని. ఇప్పుడు గా ఇద్దరు లేరు. పీర్లన్న తిరిగి రావాలె గద."

"గీత ఇంక జరపొచ్చు అవ్వా. తోవ ఎంత వెడల్పు ఇడువాలె?"

"వాళ్లిద్దరు పక్కపక్కన నడిచేంత."