కింది రెక్కలు

కిటికీకి లోపలివైపు బిగించే, అడ్డంగా సన్నని చెక్క రెక్కలున్న తలుపుల్ని భుజం మీంచి దించి, ఇంటావిడ వైపు తిరిగాడు వడ్రంగి.

"రెక్కలు తిప్పడానికి మీరు చెప్పినట్టే పైవాటికొకటి, కిందవాటికొకటి రెండు కడ్డీలు పెట్టానమ్మా. ఎండొస్తే పైవి మూసుకోవచ్చు. కిందవి తెరుచుకుని అయ్యగారు దర్జాగా మంచం మీంచే వీధి చూడొచ్చు."

"ఒక్క కడ్డీ చాలు. అన్నీ కలిసి తిరిగేలా చెయ్యండి."

"పోయినవారం రెండన్నారు కదమ్మా! అయ్యగారిని ఓ మాట అడగండి."

ఆమె మంచం వైపు చూసింది. అప్పుడు చూశాడతను, మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"అయ్యో... ఎప్పుడమ్మా?"

"మంగళవారం. మార్చడం కష్టమా?"

"ఎంతసేపమ్మా, గంట పని."

"వద్దులెండి. ఎలా ఉన్నాయో అలా బిగించండి."

"మూసి ఉంచనా?"

"పైవి మూసెయ్యండి. కిందవి తెరిచే ఉంచండి. పోస్టుమాన్ రోజూ ఆయనకి చెయ్యూపి వెళ్తాడు. అతనికింకా ఎవరూ చెప్పలేదు."