లండన్ ఆటగత్తె

మదనపల్లె మార్కెట్టులో టమాటా మండీ నడిపే సావుకారుకు, రగ్బీ సంఘం సభ్యుడిగా, జాతీయ మహిళా రగ్బీ జట్టు ఎంపికలో ఒక ఓటు ఉండేది. ఆ ఓటు లండన్‌లో ఉండే ఒక అమ్మాయికి పడడంతో జట్టులో చోటు కోల్పోయిన యాస్మిన్ తండ్రి, పుంగనూరు నుంచి టమాటా తెచ్చే రైతు, ఈ రోజు వేలం ముగిశాక ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"భాయ్, పాపను రేపే క్యాంపుకు పంపు. ఆ లండన్ అమ్మాయికి మన పాస్‌పోర్టు లేదంట, ఆడే దానికి కుదరదంట."

"ముందే అడగలేదా సావుకారూ?"

"వీడియోలో ఆమె పరుగు సూసి మురిసిపోతిమి."

"నా టమాటా బాక్సులోనైతే అడుగుదాకా చెయ్యి పెట్టి కెలుకుతారే! పైవరస సూసి ఎప్పుడన్నా వేలం పాట పాడినారా?"

సావుకారు లెక్కల పుస్తకం మూశాడు.

"తప్పు నాదే. పాప యాడుండాది?"

"కుప్పంలో, ఫారెస్టు వాచరు. రామకుప్పం తట్టు చేలల్లో పడే ఏనుగుల్ని అడివిలోకి తోలుతాండాది."

"నేనొచ్చి బతిమాలతా."

"వద్దు. మీరు కాదన్నాక ఆర్నెల్లు అన్నం సరిగా తినలేదు. ఇప్పుడిప్పుడే నవ్వుతాండాది. మళ్లీ ఆశ పెట్టొద్దు సావుకారూ."

లండన్ పిల్ల రాలేదు, పుంగనూరు పిల్ల ఇక రాదు. ఎంత లెక్క వేసినా సావుకారు వైపు మిగిలిందేమీ కనిపించలేదు.