వెర్నన్ టైర్లలో గాలి

ఒఫీలియాకు కావలసింది ఒక్క ముక్క. ఎర్రలోయ కాలిబాట మొదలయ్యే చోటిదాకా కారు పోతుందా, పోదా? నిన్నటి వానకు వాగు పొంగి, పార్కు మట్టిరోడ్డు మీద ఇసుక తెచ్చి పోసింది. ఆమె కాఫీ దుకాణం ముందు అద్దెకారులో ముగ్గురు పెద్దావిడలు టోపీలు పెట్టుకుని మరీ కూర్చున్నారు. వాళ్ల దగ్గరున్నవి రెండు నీళ్ల సీసాలు. లోయలో ఫోను పలకదు. ఇసుకలో కూరుకుపోతే ఆ ఎండలో అంతే సంగతులు.

పొద్దున్నే దారి చూసొచ్చానన్నవాడు వెర్నన్ ఒక్కడే. అతన్ని ఒక్క ముక్కలో చెప్పమనడం ఎండిన వాగుని నీళ్లడగడమే.

"దారికేం తల్లీ, కాస్త ఇసుక," అంటూ వరండాలో కాళ్లు బారజాపాడు. మొదటి మలుపులో చీలమండ దాకా ఉందట. పారతో రెండు విసుర్లు విసిరి ముందుకు పోయాడట.

"అయితే కారు పోతుందన్నమాట."

"ఆగు మరి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆమెకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అయినా చెప్పాడు. రెండో మలుపులో ఇసుక బండి తలుపుల దాకా వచ్చిందట. మూడో మలుపులో కప్పు మీదికెక్కేసరికి, ఇక పైనుంచి లాభం లేదని అద్దాలెక్కించి బండిని ఇసుక అడుగునే నడిపించాడట. చీకట్లో లైట్లు వేస్తే ఎదురుగా ఓ తాబేలు తవ్వుకుంటూ వస్తోందట, తాబేళ్లకు దారివ్వడం పార్కు నియమం కదా అని బండి పక్కకు తీశాడట.

"పలకరించిందా?" పక్క కుర్చీలోంచి మెకానిక్ చెస్టర్ అడిగాడు.

"నోటినిండా ఇసుకాయె, ఎలా పలకరిస్తుంది?" అన్నాడు వెర్నన్, నవ్వకుండా.

ఒఫీలియా చేతిలోని గుడ్డని మెలితిప్పి పిండింది. అది పొడిగుడ్డ. కారులోవాళ్లు హారన్ కొట్టారు. ఇక లాభం లేదని మెట్లు దిగి వెర్నన్ బండి టైరుని ఒక్క తన్ను తన్నింది. కాలు నొప్పెట్టింది. టైరు రాయిలా ఉంది.

ఇసుకలోకి వెళ్లేటప్పుడు టైర్లలో సగం గాలి తీసెయ్యడం ఆ ఊళ్లో పుట్టినవాళ్లకి చెప్పులేసుకోవడం లాంటిది. తిరిగొచ్చాక నింపుకోవడానికి ఉన్న ఒక్క పంపూ ఆమె దుకాణం వెనకే ఉంది. అది ముసలి గాడిదలా దగ్గితే వీధంతా వినబడుతుంది. ఇవాళ దగ్గలేదు.

"గాలి తీసే వెళ్లావా?"

"తియ్యకుండా ఎవడైనా వెళ్తాడా?"

"మరి మళ్లీ ఎక్కడ కొట్టించావు?"

వెర్నన్ ఒక్క గుటక కాఫీ తాగాడు. "నోటితో ఊదాను. నాలుగూ."

చెస్టర్ భక్తిగా టోపీ తీశాడు.

"అదీ మంచిదే," అంది ఒఫీలియా. కారు దగ్గరికెళ్లి, ఈయన తన బండిలో ముందు వెళ్లి దారి చూపిస్తాడనీ, తిరిగొచ్చాక ఈయనే మీ టైర్లు ఊదిపెడతాడనీ పెద్దావిడలకు చెప్పింది. వంగి ముందు చక్రం మూత తీసి, గోటితో నొక్కి గాలి వదిలింది. బుస్సుమంది.

ఆ చప్పుడికి వెర్నన్ కాళ్లు ముడుచుకున్నాయి. "పార్కు గేటు దాకానే వెళ్లాను," అన్నాడు చిన్నగా. "అవతల రోడ్డు లేదు తల్లీ. వాగే ఉంది. వాళ్లని పంపకు."

ఒఫీలియా మూత బిగించింది. ఇవాళ దారి మూసేశారని చెప్పి పెద్దావిడల్ని కాఫీకి లోపలికి పిలిచింది. చక్రం కాస్త కుంగింది కదా అని పంపు వైపు నడవబోతే చెస్టర్ ఆపాడు.

"ఆ ముసలి గాడిదనెందుకు లేపుతావు? వెర్నన్ ఇక్కడే ఉన్నాడుగా."